అదను అందని సేద్యం

జూన్ చివర్లో, 24వ తేదీకి కాస్త అటూ ఇటూగా, దక్షిణ అమెరికాలో పెరూ, బొలీవియా దేశాల ఎత్తైన ఆండీస్ కొండల్లో బంగాళాదుంప పండించే రైతులు కొందరు తెల్లవారకముందే లేచి ఆకాశంలో కృత్తికల కోసం చూస్తారు. చుక్కలు పెద్దవిగా, స్పష్టంగా కనిపిస్తే ఆ ఏడు వానలు బాగుంటాయి, దుంప మామూలు సమయానికే నాటుకోవచ్చు. మసకగా కనిపిస్తే వానలు ఆలస్యమవుతాయి, తక్కువగా కూడా పడతాయి, కాబట్టి నాటడం కొన్ని వారాలు వెనక్కి జరపాలి. వందల ఏళ్లుగా ఉన్న పద్ధతి ఇది. వినగానే ఏదో నమ్మకంలే అనుకుంటాం. కానీ 2000లో బెంజమిన్ ఆర్లవ్ అనే మానవ శాస్త్రవేత్త, జాన్ చియాంగ్, మార్క్ కేన్ అనే ఇద్దరు వాతావరణ శాస్త్రవేత్తలు కలిసి 'నేచర్' పత్రికలో దీని లెక్క తేల్చారు. ఎల్ నినో వచ్చే ఏడాదిలో జూన్ నెలలో ఆ కొండల మీద చాలా ఎత్తున, కంటికి విడిగా కనిపించనంత పలచటి మబ్బు పొర ఎక్కువగా పరుచుకుంటుంది. ఆ పొర వెనక చుక్కలు మసకబారతాయి. అదే ఎల్ నినో వల్ల కొన్ని నెలల తర్వాత అక్కడ వానలు తగ్గుతాయి. అంటే పసిఫిక్ సముద్రం వేడెక్కిందన్న సంగతిని ఆ రైతులు ఉపగ్రహాలు పుట్టకముందు నుంచీ చుక్కల్లో చదువుతున్నారు, దానికి ఎల్ నినో అని పేరుందని తెలియకపోయినా.

ఇక్కడి నుంచే మొదలుపెట్టడానికి కారణం ఉంది. వాతావరణ మార్పు వల్ల రైతులకి జరిగే నష్టం గురించి వచ్చే రాతల్లో చాలావరకు హెక్టారుకి ఎన్ని క్వింటాళ్లు తగ్గుతుంది అన్నదే ఉంటుంది. ఆ లెక్క అవసరమే. కానీ పాత పద్ధతుల్లో సేద్యం చేసుకునేవాళ్లు, అడవినీ మందనీ చేపనీ నమ్ముకుని బతికే ఆదివాసులు, వీళ్ల విషయంలో దెబ్బ దిగుబడి దాకా రాకముందే అదను మీద పడుతోంది. ఎప్పుడు విత్తాలి, ఎప్పుడు మందని కొండ దించాలి, ఏ మంచు మీద అడుగు వేయొచ్చు, ఇవన్నీ ఒక గుర్తుకీ దాని వెనకాల వచ్చే మార్పుకీ మధ్య తరతరాలుగా నిలిచిన లంకె మీద నడిచే పనులు. ఫలానా చెట్టు పూస్తే, ఫలానా పక్షి వస్తే, గాలి ఫలానా దిక్కుకి తిరిగితే ఇక వాన దగ్గర పడినట్టే అని. ఇందులో పూత వేడిని బట్టి వస్తుంది. వలస పక్షి చాలావరకు పగటి పొడవుని బట్టి బయల్దేరుతుంది. వాన ఎక్కడో దూరాన ఉన్న సముద్రపు వేడిని, గాలుల దారిని బట్టి వస్తుంది. ఇన్నాళ్లూ ఇవన్నీ దాదాపు ఒకే వరసలో నడిచాయి కాబట్టి ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని చెప్పగలిగారు. భూమి వేడెక్కుతున్నకొద్దీ ఒక్కొక్కటీ ఒక్కో వేగంతో జరుగుతోంది. పూత ముందుకొస్తుంది, వాన వెనక్కి పోతుంది, పక్షి మాత్రం పాత తేదీకే వస్తుంది. విత్తనం వేసినవాడు నేల పదును చూసి వేస్తాడు, తర్వాత మొలక మీద నెల రోజులు బెట్ట పడుతుంది.

ఆండీస్ కొండల్లోనే ఇంకాస్త ఆగుదాం, ఎందుకంటే ఇదంతా అక్కడ కంటికి కనబడేలా జరుగుతోంది. పెరూలో కుస్కో నగరానికి దగ్గర్లో పిసాక్ అనే చోట క్వెచువా అనే ఆదివాసీ రైతుల ఊళ్లు కొన్ని కలిసి 'పార్కే దె ల పాపా' అనే బంగాళాదుంపల వనాన్ని నడుపుకుంటున్నాయి. వెయ్యికి పైగా రకాల దుంపలు అక్కడి పొలాల్లో సాగులో ఉన్నాయి. లీమాలోని అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రం ఎప్పుడో సేకరించి దాచిన దేశవాళీ రకాల్లో కొన్ని వందలు 2004లో కుదిరిన ఒప్పందంతో మళ్లీ ఆ ఊళ్లకి చేరాయి. ఒకే చెలకలో పది రకాలు కలిపి నాటడం వాళ్లకి మామూలు. ఒక రకం చలిని ఓర్చుకుంటుంది, ఒకటి బెట్టని, ఇంకోటి తెగులుని. ఏడాది ఎలా ఉన్నా ఏదో ఒకటి చేతికొస్తుంది. బీమా కంపెనీ లేని చోట బీమా ఇదే.

ఇప్పుడు వేడి పెరిగేకొద్దీ లేట్ బ్లైట్ తెగులు, దుంపని తొలిచే పురుగు కొండ పైకి ఎక్కుతున్నాయి. వాటి నుంచి తప్పించుకోడానికి రైతులు కూడా పైకి ఎక్కుతున్నారు, ఒక తరం కింద నాటిన చోటు కంటే 200 మీటర్లకు పైగా ఎత్తుకి. పైన నేల పలచగా ఉంటుంది, రాళ్లు ఎక్కువ, వాలు ఎక్కువ. పైగా అది ఖాళీగా పడున్న నేలేం కాదు, లామాలు, అల్పాకాలు మేసే గడ్డి భూమి. దాన్ని తవ్వితే మేత తగ్గుతుంది, మట్టిలో ఇన్నాళ్లూ నిలవున్న కార్బన్ గాల్లోకి పోతుంది. ఇంకో రెండు మూడు వందల మీటర్లు ఎక్కాక నాటుకోవడానికి నేలే మిగలదు.

చూన్యో అని ఒకటుంది. చేదు రకం దుంపల్ని జూన్, జులై నెలల్లో రాత్రిపూట ఆరుబయట పరిచి గడ్డకట్టనిస్తారు, పగటి ఎండకి అవి మెత్తబడితే కాళ్లతో తొక్కి నీళ్లు పిండేస్తారు, కొన్ని రోజులు అలా చేశాక అవి ఎండి రాళ్లలా తయారవుతాయి. అలా దాచినవి ఏళ్ల తరబడి పాడవవు. పంట పోయిన ఏడాది ఇంటిల్లిపాదికీ అవే తిండి. దీనికి కావలసింది రాత్రి ఎముకలు కొరికే చలి, పగలు పొడి ఎండ, అంతే. ఆ చలి రాత్రులు తగ్గిపోతే? దుంప బాగానే పండిన ఏడాది కూడా దాచుకునే దారి లేకుండా పోతుంది. ఇలాంటి నష్టం ఏ దిగుబడి పట్టికలోనూ కనిపించదు, అందుకే ఇంతగా చెబుతున్నాను.

నీళ్ల సంగతి కూడా ఉంది. పెరూ హిమానీనదాలు 1962 నుంచి ఇప్పటికి విస్తీర్ణంలో సగానికి పైగా పోయాయి. మంచు కరుగుతున్న మొదటి ఏళ్లలో వాగుల్లో నీళ్లు పెరుగుతాయి, జనం కాలవలు తవ్వుకుంటారు, కొత్త పొలాలు వేస్తారు. తర్వాత కరగడానికి మంచే తక్కువైపోయి వానల్లేని నెలల్లో నీళ్లు పడిపోతాయి. ముందు ఆశ పెట్టి తర్వాత లాక్కుంటుంది కాబట్టి దీనికి ముందే సిద్ధపడటం చాలా కష్టం.

2015లో ఆ బంగాళాదుంపల వనం రైతులు తమ దుంపల విత్తనాన్ని నార్వేలోని స్వాల్బార్డ్ విత్తన ఖజానాకి పంపించారు. మంచి పనే. కాకపోతే గడ్డకట్టించి దాచిన విత్తనం పెట్టిన రోజు ఎలా ఉందో అలాగే ఉంటుంది. ఏటా పొలంలో పడే విత్తనమే కొత్త వేడికీ కొత్త తెగులుకీ అలవాటు పడుతుంది. ఖజానా ఉంది కదా అని పొలం వదిలేసుకోవచ్చనే వాదన ఎవరైనా చేస్తే ఒప్పుకోకండి.

ఇప్పుడు ఉత్తరానికి వెళ్దాం. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, రష్యా ఉత్తర కొసల్లో సామి ప్రజలు, రష్యాలో యమాల్ ద్వీపకల్పం మీద నేనెత్స్ ప్రజలు రెయిన్‌డీర్ మందలతో తిరుగుతారు. చలికాలంలో ఆ జంతువులు గిట్టలతో మంచు తవ్వి అడుగున నేలకి అంటుకుని నాచులా పెరిగే లైకెన్ తింటాయి. మంచు ఎంత మందంగా ఉన్నా పొడిగా ఉంటే వాటికి ఇబ్బంది లేదు. మరి నడి చలికాలంలో వాన పడితే ఏమవుతుంది? నీళ్లు మంచులోకి ఇంకి, మళ్లీ చలి తిరగగానే గడ్డకట్టి గాజు పలకలా అయిపోతాయి. మేత కాళ్ల కిందే ఉంటుంది, వాసన కూడా తగులుతుంది, కానీ నోటికి అందదు. 2013 నవంబర్‌లో యమాల్ మీద అలా వాన పడి గడ్డకట్టింది. ఆ చలికాలం గడిచేసరికి 61,000 రెయిన్‌డీర్లు ఆకలితో చచ్చిపోయాయి. అంతకుముందు 2006లో 20,000 దాకా పోయాయి. బారెంట్స్, కారా సముద్రాల మీద మంచు తగ్గి నీళ్లు బయటపడటంతో తేమ ఎక్కువగా లేచి ఇలాంటి వానలకి దారి తీస్తోందని ఆ ఘటనని పరిశీలించినవాళ్లు రాశారు. ఆర్కిటిక్ ప్రాంతం 1979 నుంచి ప్రపంచ సగటు కంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కిందని గుర్తుపెట్టుకుంటే ఇది మళ్లీ మళ్లీ ఎందుకు జరుగుతుందో అర్థమవుతుంది. మంద పోయిన కుటుంబాల్లో కొన్ని చేపలు పట్టుకుని బతకాల్సి వచ్చింది, తిరిగి మంద పెంచుకోడానికి బంధువుల దగ్గర జంతువుల్ని అప్పు తీసుకున్నారు. 2016 వేసవిలో అదే యమాల్‌లో వేడి 35 డిగ్రీల దాకా పోయి, ఎప్పటి నుంచో గడ్డకట్టి ఉన్న నేల కరిగి ఆంత్రాక్స్ అనే ప్రాణాంతకమైన జబ్బు బయటపడింది. రెండు వేలకు పైగా జంతువులు చచ్చిపోయాయి, 12 ఏళ్ల పిల్లవాడు కూడా ప్రాణం కోల్పోయాడు.

కెనడా తీరాల్లో ఇన్యుయిట్ ప్రజలకి సముద్రం మీద గడ్డకట్టిన మంచే రోడ్డు, అదే వేట చోటు కూడా. రంగు చూసి, చప్పుడు విని, కర్రతో పొడిచి ఆ మంచు మనిషిని మోస్తుందో లేదో చెప్పగల పెద్దలు వాళ్లలో ఉన్నారు. అంత అనుభవం ఉన్నవాళ్లు కూడా ఇప్పుడు మంచు విరిగి నీళ్లలో పడిపోతున్నారు. 2009-10 చలికాలం మరీ వెచ్చగా గడిచాక లాబ్రడార్‌లో స్మార్ట్‌ఐస్ అనే ప్రయత్నం మొదలైంది. మంచు మందాన్ని కొలిచే యంత్రాల్ని ఊళ్లోవాళ్లే వాడతారు, ఏ దారిలో కొలవాలో ఊరి వేటగాళ్లే చెబుతారు. పెద్దల జ్ఞానాన్ని పక్కన పెట్టకుండా దానికి ఇంకో కన్ను జోడించిన పద్ధతి కాబట్టి నాకు ఇది చాలా నచ్చింది.

మిగతా చోట్ల సంగతులు త్వరగా చెప్పేస్తాను. అమెరికా, కెనడాల మధ్య పెద్ద సరస్సుల దగ్గర ఒజిబ్వే ప్రజలు పడవల్లో వెళ్లి కోసుకునే అడవి వరి మొక్క, ఆకు ఇంకా నీటి మీద తేలుతున్న దశలో పెద్ద వాన పడి నీటిమట్టం ఒక్కసారిగా లేస్తే వేళ్లతో సహా పైకి తేలిపోతుంది. పెద్ద వానలు అక్కడ పెరిగాయి. టువాలు దీవుల్లో ఇసుక తవ్వి, కింద ఉండే మంచినీటి పొర దాకా గుంట చేసి అందులో పులాకా అనే దుంప పెంచుతారు. సముద్రం లేచేకొద్దీ ఆ పొరలోకి ఉప్పు చేరుతోంది, అలా ఉప్పెక్కిన గుంట బాగుపడాలంటే ఏళ్లు పడుతుంది. మధ్య అమెరికాలో మక్క, చిక్కుడు, గుమ్మడి కలిపి వేసే మిల్పా సేద్యం నడి వానాకాలంలో వచ్చే చిన్న బెట్టకి సరిపడా అమరింది. ఆ బెట్ట పొడవైతే చిక్కుడు పూత, మక్క కంకి రెండూ ఒకేసారి దెబ్బతింటాయి. పనామాలో గునా ప్రజలుండే గార్డి సుగ్దుబ్ దీవి నుంచి 2024 జూన్‌లో 300 దాకా కుటుంబాలు ప్రధాన భూభాగానికి మారాయి. పడవ ఇంటి ముందు కట్టుకుని బతికిన మనుషులు ఇప్పుడు సముద్రానికి దూరంగా వరస ఇళ్లలో ఉంటున్నారు.

తూర్పు ఆఫ్రికాలో 2020 చివరి నుంచి వరసగా ఐదు వానాకాలాలు తప్పిపోయాయి. కెన్యా, ఇథియోపియా, సోమాలియా దేశాల్లో లక్షల పశువులు చచ్చిపోయాయి. మనిషి వల్ల పెరిగిన వేడి లేకపోతే ఆ కరువు రావడానికి ఉన్న అవకాశం ఇప్పటి దాంట్లో దాదాపు వందో వంతే ఉండేదని 2023లో వరల్డ్ వెదర్ ఆట్రిబ్యూషన్ అనే బృందం శాస్త్రవేత్తలు తేల్చారు. బొరానా, సంబురు, మాసాయి లాంటి పశుపోషకులకి కరువు కొత్త కాదు. ఒక కాలం తప్పితే దూరపు మేతకి పోతారు, రెండు తప్పితే కొన్ని పశువుల్ని అమ్ముతారు, ఇంకో తెగ దగ్గర పెట్టిన పశువుల్ని వెనక్కి అడుగుతారు. మంచి ఏళ్లు మధ్యలో వస్తే మంద మళ్లీ పెరుగుతుంది. వాళ్ల ఏర్పాటంతా ఆ మధ్య వచ్చే మంచి ఏళ్ల మీదే ఉంది. అవి రాకపోతే మంద కోలుకునే సందే దొరకదు. కొందరు ఆవుల్ని వదిలి ఒంటెలకి మారుతున్నారు. పెళ్లికీ, పరిహారానికీ, పేరు పెట్టడానికీ అన్నిటికీ ఆవే కొలమానంగా ఉన్న సమాజంలో అది ఎంత పెద్ద మార్పో ఒక్కసారి ఆలోచించండి.

నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టే విషయం ఇంకోటి. అనుభవమున్న మనిషి చెప్పిన వేళకి విత్తితే పంట ఎండిపోయింది, మళ్లీ ఏడు కూడా అలాగే అయింది. ఆ తర్వాత ఆయన మాట వినేదెవరు? ఇంట్లో పిల్లలు వినరు, ఆయనే తన మీద నమ్మకం పోగొట్టుకుని చెప్పడం మానేస్తాడు. అలా మానేస్తే వాన గురించిన ఒక్క మాటతో ఆగదు. ఏ నేలకి ఏ విత్తనం, ఏ ఆకు పశువుకి మంచిది, ఏ వాగు ఎండినా ఎక్కడ తవ్వితే నీళ్లు పడతాయి, ఇవన్నీ ఆ మాటతో పాటే ఆగిపోతాయి. దీన్ని ఆపే దారీ ఉంది. పడమటి కెన్యాలో న్గన్యి అనే వంశం వాళ్లు చెట్ల పూతనీ, చీమల్నీ, గాలినీ చూసి వానలు చెప్పేవాళ్లు. వాళ్లతో అక్కడి వాతావరణ శాఖ కూర్చుని ఇద్దరి అంచనాలూ పక్కపక్కన పెట్టి ఒక్క మాటగా రైతులకి చెప్పే పద్ధతి తెచ్చారు. రైతులు ఆ మాట విన్నారు, ఎందుకంటే అందులో తమవాళ్లు ఉన్నారు. ఇలాంటివి వేల చోట్ల జరగాలి.

పాత సేద్యం మార్పుకి తట్టుకోలేదు, అందుకే దాన్ని వదిలించాలి అనే మాట నేను చాలాసార్లు విన్నాను. నాకు అది పూర్తిగా తప్పనిపిస్తుంది. రకాలు కలిపి వేయడం, వేర్వేరు ఎత్తుల్లో చిన్న చిన్న చెలకలు పెట్టుకోవడం, మందతో కదలడం, విత్తనం ఇచ్చిపుచ్చుకోవడం, ఇవన్నీ రేపు ఎలా ఉంటుందో తెలియని చోట బతకడానికి పుట్టిన పద్ధతులే. బుర్కినా ఫాసోలో యాకూబా సవడోగో అనే రైతు 1980ల కరువులో ఏం చేశాడో చూడండి. జాయి అనే పాత పద్ధతి ఉంది, ఎండాకాలంలో గట్టిపడిన నేలలో చిన్న గుంటలు తీసి వాన కోసం ఎదురుచూడటం. ఆయన ఆ గుంటల్ని వెడల్పుగా, లోతుగా చేసి అందులో ఎరువు వేశాడు. ఎరువుకి చెదలు వచ్చాయి, అవి నేలని తొలిచి దారులు చేశాయి, పడిన కాస్త వాన ఆ దారుల్లో ఇంకింది. జొన్న, సజ్జ పండాయి, ఎరువులో వచ్చిన గింజల నుంచి చెట్లు లేచాయి, ఆయన వాటిని పీకకుండా పెంచి అడవి చేశాడు. ఎండాకాలంలోనే నేల తవ్వుతున్నాడని మొదట్లో ఊళ్లోవాళ్లు పిచ్చివాడన్నారు. 2018లో ఆయనకి రైట్ లైవ్‌లీహుడ్ పురస్కారం వచ్చింది, 2023 డిసెంబర్‌లో చనిపోయారు. జాయి గుంటలు ఇప్పుడు సహారా ఎడారికి దక్షిణాన ఉన్న సాహెల్ ప్రాంతంలో చాలా దేశాల్లో కనిపిస్తాయి.

అయితే ఇలా మార్చుకోవాలంటే నేల మీద హక్కు ఉండాలి, కదలడానికి చోటు ఉండాలి. మంచు గట్టిపడిన చోటు వదిలి పక్క లోయకి మందని తోలుకుపోయే సామి కుటుంబానికి ఆ పక్క లోయ ఖాళీగా ఉండాలి కదా. నార్వేలో ఫోసెన్ అనే చోట వాళ్ల శీతాకాలపు మేత నేలలో 151 గాలిమరలు పెట్టారు. దానికిచ్చిన అనుమతులు సామి ప్రజల సాంస్కృతిక హక్కుని దెబ్బతీశాయని 2021 అక్టోబర్‌లో నార్వే సుప్రీం కోర్టు చెప్పింది. మరలు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. 2023లో యువతీయువకులు మంత్రిత్వ శాఖల తలుపుల దగ్గర బైఠాయించాక, చివరికి పరిహారం, కొంత అదనపు మేత నేల ఇచ్చేలా ఒప్పందాలు కుదిరాయి. గాలి కరెంటు కావాలి, అందులో నాకు రెండో మాట లేదు. కానీ వేడి వల్ల ఇప్పటికే మేత పోగొట్టుకున్నవాళ్ల దగ్గరే, ఆ వేడి తగ్గించే పేరుతో మిగిలిన మేత కూడా తీసుకోవడం అన్యాయం.

ఒక లెక్క గురించి కూడా చెప్పాలి. ప్రపంచ జీవవైవిధ్యంలో 80 శాతం ఆదివాసుల నేలల్లోనే ఉందని చాలా నివేదికల్లో రాస్తుంటారు. దానికి ఆధారం లేదని 2024లో నేచర్‌లో ఒక పరిశోధకుల బృందం వివరంగా రాసింది, అందులో ఆదివాసీ పరిశోధకులు కూడా ఉన్నారు. ఆదివాసుల పక్షాన మాట్లాడేవాళ్లు ఆ అంకెని వదిలేయాలి. దాని అవసరం కూడా లేదు. 90 దేశాల్లో 47 కోట్లకు పైగా ఆదివాసులున్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్క. ఇంతమంది తిండి, నేల, భాష ప్రమాదంలో పడ్డాయన్నది చాలదా?

వాతావరణ మార్పు మీద దేశాలు చేసుకున్న పారిస్ ఒప్పందం 7వ అధికరణంలో ఆదివాసీ జ్ఞానం ప్రస్తావన ఉంది. 2021లో గ్లాస్గో వాతావరణ సమావేశంలో ఆదివాసులు, స్థానిక సమూహాల భూమి హక్కుల కోసం, వాళ్లు అడవిని కాపాడుతున్నందుకు 170 కోట్ల డాలర్లు ఇస్తామని కొన్ని దేశాలు, దాతలు ప్రకటించారు. ఏడాది తర్వాత దాతలే ఇచ్చిన నివేదిక ప్రకారం మొదటి ఏడాది ఖర్చయిన డబ్బులో ఆదివాసీ సంస్థలకి నేరుగా చేరింది 7 శాతం. మిగతాది పెద్ద స్వచ్ఛంద సంస్థలు, ప్రభుత్వాలు, ఇతర మధ్యవర్తుల ద్వారా వెళ్లింది. నా ఉద్దేశంలో ముందు సరిచేయాల్సింది ఇదే. ఊరి సంఘానికి ఖాతా ఉండాలి, డబ్బు ఆ ఖాతాలో పడాలి, ఎందుకు ఖర్చుపెట్టాలో వాళ్లే తేల్చుకోవాలి: నేల సర్వేకా, హద్దు రాళ్లకా, పట్టా కోసం కోర్టు ఫీజులకా, కరువు ఏడాదిలో మేతకా, విత్తనం దాచే గదికా. గ్లాస్గో మాట ఇచ్చింది 2021 నుంచి 2025 వరకే, ఆ గడువు అయిపోయింది. ఆ తర్వాత ఇచ్చే ప్రతి నిధిలోనూ నేరుగా చేరాల్సిన వాటా ఎంతో ముందే రాసి సంతకం పెట్టాలి.